పడకుండా చూడడం - పడకుండా చూసుకోవడం: ఆసుపత్రిలో రోగి భాగస్వామ్యంపై భాషాదృష్టితో విమర్శ

వ్యాససంగ్రహం

ఆసుపత్రిలో చేరిన రోగి మంచం దిగుతూనో, నడుస్తూనో, మరుగుదొడ్డిలోనో పడిపోవడం వైద్యసేవారంగం దీర్ఘకాలంగా ఎదుర్కొంటున్న సమస్య. దీని నివారణలో రోగిని భాగస్వామిని చేయాలన్న ఆలోచన ఇటీవలి దశాబ్దాల్లో బలపడింది. అయితే భాగస్వామ్యమంటే రోగికి సూచనలు వినిపించడమా, రోగి మాట వినడమా అన్న ప్రశ్నకు ఆచరణలో స్పష్టమైన సమాధానం కనిపించదు. ప్రమాదాన్ని అంచనా వేసే కొలమానం, వార్డులోని సూచనల వాక్యనిర్మాణం, ఈ విషయంపై జరిగిన ప్రధాన ప్రయోగాలు అనే మూడింటినీ ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. తెలుగులోని 'పడు', 'కొను' అనే క్రియల అర్థక్షేత్రం ఈ పరిశీలనకు ఆధారం. రోగి ఎందుకు లేస్తున్నాడో, ఎందుకు పిలవడం లేదో అడిగి తెలుసుకోని భాగస్వామ్యం బాధ్యతను బదిలీ చేయడంగానే మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రోగి భాగస్వామ్యం, పడిపోవడం, ఆత్మార్థకం, విధ్యర్థకం, మొహమాటం, సహాయకులు, ఆరోగ్యసంభాషణ.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యక్తి తన ప్రమేయం లేకుండా నేలమీదికో, తానున్న చోటుకంటే కిందిచోటికో చేరడాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ పడిపోవడంగా నిర్వచించింది. ఆ సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా 6,84,000 మంది పడిపోవడంవల్ల మరణిస్తున్నారు. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా అల్ప, మధ్యాదాయ దేశాల్లోనే సంభవిస్తున్నాయి. ఇవి ఆసుపత్రులకే పరిమితమైన లెక్కలు కావు. అయినా ఆసుపత్రిలో పడిపోవడానికి ప్రత్యేకమైన విషాదం ఒకటుంది. బాగుపడడానికి వచ్చిన చోట మనిషి మరింత దెబ్బతినడమే ఆ విషాదం. తుంటి ఎముక విరిగిన వృద్ధునికి తాను చేరిన కారణం వెనక్కి పోయి, కొత్త కారణం ముందుకు వస్తుంది. దెబ్బ తగలకపోయినా, మళ్లీ పడతానేమోనన్న భయం నడకను తగ్గిస్తుంది. నడక తగ్గితే కండరాల బలం తగ్గి, పడే అవకాశం మరింత పెరుగుతుంది.

ఆసుపత్రిలో పడిపోవడానికి కారణాలు పలు విధాలు. రోజుల తరబడి పడుకొని ఉన్నవారు ఒక్కసారిగా లేచినప్పుడు రక్తపోటు తగ్గి కళ్లు తిరుగుతాయి. నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు, మూత్రం జారీ చేసే మందులు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. మంచం ఎత్తు, దీపం మీట ఉన్న చోటు, మరుగుదొడ్డికి దారి ఇవన్నీ ఇంటికి భిన్నంగా ఉంటాయి. ఈ కారణాలను వైద్యశాస్త్రం విస్తృతంగా చర్చించింది. రోగి తన మంచం దిగాలని తీసుకొనే నిర్ణయం మాత్రం చాలాకాలం చర్చకు వెలుపలే ఉండిపోయింది. నిజానికి పడే క్షణానికి ముందు ఒక నిర్ణయం ఉంటుంది. 'ఎవరినీ పిలవక్కర్లేదు, నేనే వెళ్లిరాగలను' అన్నదే ఆ నిర్ణయం. భాగస్వామ్యచర్చ ఇక్కడే మొదలుకావాలి.

2. 'పడు' ధాతువు - అర్థక్షేత్రం

తెలుగు వార్డుల్లో సిబ్బంది వాడుకలో 'ఫాల్', 'ఫాల్ రిస్క్' అనే మాటలు స్థిరపడ్డాయి. 'పతనం' అనే సంస్కృతపదం అందుబాటులో ఉన్నా దానికి నైతికమైన దిగజారుడు అనే అర్థచ్ఛాయ బలంగా ఉండడంవల్ల ఈ సందర్భానికి అది ఒదగలేదు. రోగి, అతని కుటుంబం మాట్లాడే భాషలో మాత్రం ఈ అనుభవానికి సూక్ష్మమైన విభజన ఉంది. జారిపడడం, తూలిపడడం, తట్టుకొని పడడం, కళ్లు తిరిగి పడడం, కాళ్లు తేలిపోయి పడడం అనేవి వేర్వేరు సంఘటనలు. జారిపడితే నేల తడిగా ఉన్నదని, కళ్లు తిరిగితే రక్తపోటునో మందునో చూడాలని, తట్టుకొంటే దారిలో అడ్డేదో ఉన్నదని అర్థం. నమోదుపత్రంలో ఇవన్నీ 'ఫాల్' అనే ఒక్క గడిలోకి చేరినప్పుడు, రోగి తన మాటల్లో చెప్పిన కారణం జారిపోతుంది.

ఇంతకుమించి గమనించదగినది 'పడు' ధాతువు ఇతర ప్రయోగం. భయపడు, సిగ్గుపడు, బాధపడు, మొహమాటపడు వంటి క్రియల్లో 'పడు' ఒక మనఃస్థితికి లోనుకావడాన్ని తెలుపుతుంది. కర్మణిప్రయోగంలోని 'బడు' కూడా కర్త చేతినుంచి చర్య జారిపోవడాన్నే సూచిస్తుంది. ఈ ప్రయోగాలన్నింటిలోనూ మనిషి తనకు జరిగేదాన్ని అనుభవించేవాడే.

'పడు' ధాతువుకు 'కొను' చేరితే అర్థం మారుతుంది. 'పడు' అన్నది అదుపు తప్పడం. 'పడుకొను' అన్నది తన ఇష్టంతో, తనకోసం ఒరగడం. రెండు సందర్భాల్లోనూ శరీరం కిందికే చేరుతుంది. రెండింటినీ వేరుచేసేది మనిషి ప్రమేయం. తెలుగు వ్యాకరణసంప్రదాయం 'కొను'కు గుర్తించిన ఆత్మార్థకత ఇదే. పడకుండా ఉండడానికి మనిషి చేసే పనుల పేర్లను చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. పట్టుకొను, ఆనుకొను, నిలదొక్కుకొను, తమాయించుకొను అనే వాటన్నింటిలోనూ 'కొను' ఉంది. రోగం నుంచి బయటపడడాన్ని తెలిపే 'కోలుకొను' కూడా ఈ కోవలోనిదే. ఒకరి తరఫున మరొకరు కోలుకోలేరు. పడకుండా ఉండడం రోగి పాల్గొనవలసిన చర్య అన్న ఎరుక తెలుగు పదనిర్మాణంలోనే ఉందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

3. కొలమానంలో రోగి మాట

ఆసుపత్రుల్లో విస్తృతంగా వాడే మోర్స్ ఫాల్ స్కేల్‌ను జానిస్ మోర్స్, ఆమె సహపరిశోధకులు రూపొందించగా 1989లో ప్రచురితమైంది. ఇందులో 6 అంశాలుంటాయి. గతంలో పడిన చరిత్ర, ఒకటికి మించిన రోగనిర్ధారణ, నడకకు వాడే ఊతం, సిరలోకి అమర్చిన గొట్టం, నడకతీరు, మానసికస్థితి అనేవి ఆ అంశాలు. ఒక్కొక్కదానికి నిర్ణీతమైన మార్కులు కేటాయించి, 0 నుంచి 125 వరకు వచ్చే మొత్తాన్నిబట్టి ప్రమాదస్థాయిని నిర్ధారిస్తారు. నర్సు కొద్ది నిమిషాల్లో పూర్తిచేయగలగడం దీని బలం.

ఈ కొలమానాన్ని ఒక పాఠంగా చదివితే ఆరవ అంశం దృష్టిని ఆకర్షిస్తుంది. మానసికస్థితిని అంచనా వేయడానికి నర్సు రోగిని ఒక ప్రశ్న అడుగుతుంది. మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్లగలరా, సాయం కావాలా అన్నది ఆ ప్రశ్న. రోగి చెప్పిన జవాబు వైద్యసిబ్బంది ఆదేశానికి అనుగుణంగా ఉంటే 0. అలా లేకపోతే అతడు తన శక్తిని ఎక్కువగా అంచనా వేస్తున్నాడని, లేదా పరిమితులను మరచిపోతున్నాడని భావించి 15 మార్కులు వేస్తారు. రోగి తన సామర్థ్యం గురించి తాను చెప్పే మాటకు కొలమానంలో చోటున్నది ఇక్కడే. ఆ చోటులోనూ అది సమాచారంగా కాక, పరీక్షకు జవాబుగా నమోదవుతుంది. 'వెళ్లగలను' అని రోగి అన్నప్పుడు, ఆ మాటవెనుక మతిమరుపు ఉండవచ్చు, ఆత్మాభిమానం ఉండవచ్చు, నిన్న పిలిచినా ఎవరూ రాలేదన్న అనుభవం ఉండవచ్చు. మూడింటికీ పడేది ఒకే 15.

ఇది కొలమానం నిష్ప్రయోజనమని చెప్పడం కాదు. ప్రమాదం ఎవరికి ఎక్కువో గుర్తించడం దాని లక్ష్యం. గుర్తించిన తర్వాత ఏంచేయాలన్నది వేరే ప్రశ్న. చాలాచోట్ల మొదటిదానితోనే రెండవది కూడా పూర్తయినట్టు భావించడంలో లోపముంది. మంచానికి తగిలించిన గుర్తు, ముంజేతికి కట్టిన రంగుపట్టీ సిబ్బందికి సంకేతాలు. ఆ పట్టీ తన చేతికే ఎందుకు కట్టారో రోగికి తెలియకపోతే, తన శరీరంమీద తాను చదవలేని రాతను అతడు మోస్తున్నట్టే.

4. సూచనల వ్యాకరణం

వార్డుల్లో వినిపించే, కనిపించే సూచనలు ప్రధానంగా మూడు రకాల వాక్యాలుగా ఉంటాయి. మొదటిది నిషేధార్థకం: 'మంచం దిగకూడదు', 'ఒంటరిగా వెళ్లవద్దు'. రెండవది సహాయకులను ఉద్దేశించిన ప్రేరణార్థక, సకర్మకరూపం: 'పేషెంట్‌ను నడిపించండి', 'పట్టుకొని తీసుకెళ్లండి'. మూడవది ఆత్మార్థకవిధి: 'పడిపోకుండా చూసుకోండి'.

మొదటి రకంలో రోగి ఉన్నాడు కాని అతని అవసరం లేదు. మూత్రానికి వెళ్లవలసిన మనిషితో దిగకూడదని చెప్పడం సమస్యను పరిష్కరించదు. దిగకుండా ఆ అవసరం ఎలా తీరాలో చెప్పినప్పుడే ఆ వాక్యం పూర్తవుతుంది. మంచం కమ్ములు ఎత్తిపెట్టినప్పుడు కొందరు రోగులు వాటిని దాటి దిగబోయి మరింత ఎత్తునుంచి పడడం వైద్యరంగానికి తెలిసిన విషయమే. కమ్మి కూడా ఒక నిషేధవాక్యమే.

రెండవ రకంలో రోగి కర్మగా మారతాడు. అతని ఎదుటే అతని గురించి మరొకరితో మాట్లాడడం జరుగుతుంది. 'పెద్దాయనకు రాత్రి కళ్లు తిరుగుతున్నాయా?' అని కొడుకునో కోడలినో అడిగినప్పుడు, కళ్లు తిరిగిన మనిషి పక్కనే మౌనంగా ఉండిపోతాడు. 'తాతా', 'అమ్మా', 'పెద్దాయనా' అనే బంధుత్వసంబోధనలు తెలుగు వార్డులో సహజమైన ఆత్మీయతకు గుర్తులు. ఆ సంబోధన ప్రశ్నకు ముందు వస్తే దగ్గరితనం. ప్రశ్నకు బదులుగా వస్తే బుజ్జగింపు. ఈ తేడాను సిబ్బందిశిక్షణలో గుర్తించవలసి ఉంది.

మూడవ రకం పైకి భాగస్వామ్యంగా కనిపిస్తుంది. 'చూచు' అన్న క్రియకు 'కొను' చేరింది కాబట్టి రోగి కర్తృత్వానికి చోటు దక్కిందని భావించవచ్చు. కాని 'చూసుకోండి' అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి, మీ క్షేమాన్ని కనిపెట్టుకొని ఉండండి అన్న శ్రద్ధ. రెండవది, ఇక మీ బాధ్యత మీదే అన్న చేతులు దులుపుకోవడం. ప్రవేశసమయంలో ఇతర పత్రాలతోపాటు పతననివారణసూచనల పత్రంమీద కూడా సంతకం తీసుకొని, ఆ తర్వాత దాని ప్రస్తావన తేకపోతే రెండవ అర్థమే స్థిరపడుతుంది. అప్పుడు భాగస్వామ్యం పేరుతో జరిగేది బాధ్యత బదిలీ. రోగి పడితే 'ముందే చెప్పాం కదా' అనడానికి ఆ సంతకం ఆధారమవుతుంది.

జాతీయ మానవహక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం 17 హక్కులను పేర్కొన్నది. వాటిలో మొదటిది సమాచారహక్కు. రోగికి తెలిసిన భాషలో, అతనికి అర్థమయ్యే స్థాయిలో వివరించాలన్నది దాని సారాంశం. ఆంగ్లపత్రాన్ని తెలుగులోకి మార్చినంతమాత్రాన ఈ హక్కు నెరవేరదు. అర్థమయ్యే స్థాయి అన్నది పత్రంలో తేలే విషయం కాదు, సంభాషణలో తేలుతుంది.

5. ప్రయోగాల సాక్ష్యం

భాషాదృష్టితో లేవనెత్తిన ఈ వాదాన్ని వైద్యప్రయోగాల ఫలితాలతో సరిచూడడం అవసరం. ఆస్ట్రేలియాలో టెర్రీ హెయిన్స్, సహపరిశోధకులు 1,206 మంది వృద్ధరోగులతో జరిపిన ప్రయోగం 2011లో ప్రచురితమైంది. ఒక వర్గానికి ముద్రితసామగ్రి, దృశ్యచిత్రం మాత్రమే ఇచ్చారు. రెండవ వర్గానికి వాటితోపాటు ఆరోగ్యనిపుణుడు మంచంవద్ద కూర్చొని విడిగా మాట్లాడారు. మూడవ వర్గానికి మామూలు సేవలే అందాయి. మొత్తంమీద మూడు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. గ్రహణశక్తి సక్రమంగా ఉన్న రోగులను విడిగా చూస్తే మాత్రం ఫలితం వేరు. 1,000 రోగిదినాలకు పడిన సంఖ్య మామూలు సేవల్లో 8.72, సామగ్రి మాత్రమే ఇచ్చిన వర్గంలో 8.18, సంభాషణ కూడా జరిగిన వర్గంలో 4.01. కరపత్రం ఒక్కటే ఇవ్వడం, ఏమీ ఇవ్వకపోవడం దాదాపు ఒకటేనని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

ఈ ఆలోచనను కొనసాగిస్తూ ఆన్-మేరీ హిల్ బృందం 8 పునరావాసవిభాగాల్లో జరిపిన ప్రయోగం 2015లో వెలువడింది. ఇందులో రోగులకు వ్యక్తిగతంగా బోధించడంతో ఆగలేదు. రోగులు చెప్పిన ఆటంకాలను తిరిగి సిబ్బందికి తెలియజేశారు. 1,000 రోగిదినాలకు పడిన సంఖ్య 13.78 నుంచి 7.80కి తగ్గింది. బోధన రెండు దిశల్లో సాగడం ఈ ప్రయోగంలోని విశేషం.

దీనికి భిన్నమైన నమూనా 2016లో ప్రచురితమైన 'సిక్స్-ప్యాక్' ప్రయోగం. 6 ఆస్ట్రేలియా ఆసుపత్రులకు చెందిన 24 వార్డుల్లో ఇది జరిగింది. హెచ్చరికగుర్తు, మరుగుదొడ్డివద్ద పర్యవేక్షణ, చేతికందేలా ఊతకర్ర, వేళప్రకారం మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, కిందికి దించిన మంచం, మంచానికో కుర్చీకో అలారం అనే 6 చర్యలను ప్రమాదస్థాయినిబట్టి అమలుచేశారు. ఇవన్నీ రోగికోసం సిబ్బంది చేసేవి. పడిన సంఖ్యలో గాని గాయాల్లో గాని తగ్గుదల కనిపించలేదు. తీవ్రచికిత్సావార్డులు, పునరావాసవిభాగాలు స్వభావరీత్యా వేరు కాబట్టి ఈ ప్రయోగాలను నేరుగా పోల్చి తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. అయినా 'పడకుండా చూడడం' ఒక్కటే సరిపోదన్న అనుమానానికి ఇవి బలం చేకూరుస్తాయి.

అమెరికాలో ప్యాట్రీషియా డైక్స్ బృందం రూపొందించిన 'ఫాల్ టిప్స్' పద్ధతి ఈ చర్చలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. దీనికి ఆధారం పైన విమర్శించిన మోర్స్ కొలమానమే. కాని ఇక్కడ దాన్ని నర్సు ఒక్కతే పూరించదు. మంచంవద్ద రోగితో, కుటుంబంతో కలిసి పూరిస్తుంది. ఒకవైపు ఆ రోగికి ఉన్న ప్రమాదాలు, మరొకవైపు వాటికి తగిన చర్యలు బొమ్మలతో ఉన్న పత్రం మంచంవద్దే ఉంటుంది. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లోని 3 బోధనాసుపత్రులకు చెందిన 14 వార్డుల్లో, 37,231 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. పడడం 15 శాతం, గాయపడడం 34 శాతం తగ్గినట్టు అది తెలిపింది. ఇది యాదృచ్ఛిక కేటాయింపు లేని అధ్యయనం కాబట్టి ఫలితాన్ని జాగ్రత్తగానే స్వీకరించాలి. కొలమానం అదే అయినా, రోగి దాన్ని పూరించే పనిలో పాలుపంచుకొన్నప్పుడు దాని స్వభావం మారిందన్నది మాత్రం కాదనలేనిది.

6. తెలుగు వార్డు - మొహమాటం, సహాయకులు

ఈ నమూనాలన్నీ రోగి పక్కన రాత్రిపూట బంధువు ఉండడం మామూలు కాని వ్యవస్థల్లో పుట్టాయి. తెలుగు ప్రాంతాల ఆసుపత్రుల్లో, ముఖ్యంగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, సహాయకులు లేకుండా రోగి ఉండడం అరుదు. మంచంపక్కన చాప పరచుకొని పడుకొనే కూతురో, కొడుకో, భార్యో ఇక్కడి సంరక్షణలో విడదీయరాని భాగం. కాబట్టి భాగస్వామ్యం ఇక్కడ రోగి, నర్సు అనే ఇద్దరి మధ్య కాక ముగ్గురి మధ్య జరగవలసి ఉంది.

సహాయకులు ఉన్నారన్న ధీమా వల్ల ఒక సమస్య కనబడకుండాపోతుంది. పగలంతా తిరిగి అలసిన మనిషిని రాత్రి రెండు గంటలకు లేపడానికి రోగికి మనసొప్పదు. ఉదాహరణకు ఇలాంటి సంభాషణను ఊహించవచ్చు:

'రాత్రి ఎన్నిసార్లు లేస్తారు పెద్దాయనా?'

'రెండు మూడుసార్లు లేస్తానమ్మా.'

'అప్పుడు ఎవర్ని లేపుతారు?'

'ఎవర్నీ లేపను. పిల్ల ఇప్పుడే కన్ను మూసింది, ఎట్లా లేపేది? నాలుగడుగులే కదా.'

ఈ నాలుగు మాటల్లో కొలమానం పట్టుకోలేని ప్రమాదం ఉంది. అది మతిమరుపూ కాదు, మొండితనమూ కాదు. మొహమాటం. మొహమాటానికి లింగభేదం కూడా తోడవుతుంది. మలమూత్రాలకోసం పరాయి పురుషుని సాయం కోరలేని స్త్రీ, చిన్నవయసు సిస్టర్‌ను బెడ్‌పాన్ అడగలేని వృద్ధుడు, కోడలు చేయిపట్టుకొని మరుగుదొడ్డికి వెళ్లడానికి సిగ్గుపడే మామగారు ఒంటరిగా లేచేది ఇందుకే. వీరికి 'పిలవండి' అన్న సూచన వినబడకపోలేదు. పిలవడానికి వారికి అడ్డు ఉంది. ఆ అడ్డు ఏమిటో అడిగితే పరిష్కారం కూడా అక్కడే దొరుకుతుంది. పడుకొనేముందు ఒకసారి వెళ్లిరావడం, మూత్రం జారీ చేసే మందు వేళను వైద్యునితో మాట్లాడి మార్పించుకోవడం, చేతికందేచోట మూత్రపాత్ర పెట్టుకోవడం, నేలకు జీరాడే పంచెనో చీరకుచ్చెళ్లనో పైకి దోపుకోవడం, లేచేముందు కాళ్లు కిందికి వేలాడేసి కొద్దిసేపు మంచం అంచున కూర్చోవడం వంటివి రోగి అంగీకారంతో మాత్రమే సాధ్యమయ్యే చర్యలు.

7. పరిమితులు

ఈ వాదానికి హద్దులున్నాయి. హెయిన్స్ ప్రయోగంలో ప్రయోజనం గ్రహణశక్తి ఉన్నవారికే కనిపించింది. తీవ్రజ్వరంలో కలవరించేవారికి, చిత్తవైకల్యం ఉన్నవారికి సంభాషణ రక్షణ కాలేదు. వారిని చూడవలసిందే. వారి విషయంలో కుటుంబమే భాగస్వామి. అలాగే ఒక నర్సు చేతికింద లెక్కకు మించిన మంచాలున్నచోట, పిలిచినా ఎవరూ రాలేని పరిస్థితిలో, పిలవమని చెప్పడం నిజాయితీ లేని మాట అవుతుంది. తడి ఆరని నేల, పట్టుకొనే కమ్మీ లేని మరుగుదొడ్డి, వెలగని దీపం యాజమాన్యం సరిచేయవలసినవి. వాటిని రోగి జాగ్రత్తతో పూడ్చాలనుకోవడం భాగస్వామ్యం కాదు.

8. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ కింది విషయాలను ప్రతిపాదించవచ్చు.

1. పడకుండా ఉండడాన్ని తెలిపే తెలుగుక్రియల్లో ఆత్మార్థకమైన 'కొను' ప్రముఖంగా కనిపిస్తుంది. రోగి ప్రమేయం లేని నివారణ అసంపూర్ణమన్న భావన భాషలోనే నిక్షిప్తమై ఉంది.

2. ప్రమాదాన్ని అంచనా వేసే కొలమానం రోగి మాటను పరీక్షగా కాక సమాచారంగా స్వీకరించినప్పుడు, రోగితో కలిసి పూరించినప్పుడు భాగస్వామ్యసాధనంగా మారగలదు.

3. 'పడిపోకుండా చూసుకోండి' అన్న వాక్యం, దానికి ముందు రోగి చెప్పింది విన్నప్పుడే శ్రద్ధను తెలుపుతుంది. వినకుండా అన్నప్పుడు అది బాధ్యతను బదిలీ చేస్తుంది.

4. తెలుగు వార్డులకు తయారయ్యే సామగ్రి ఆంగ్లపత్రాలకు అనువాదంగా మిగలకుండా, మొహమాటాన్నీ సహాయకుల అలసటనూ ప్రమాదకారణాలుగా గుర్తించాలి. జారడం, తూలడం, కళ్లు తిరగడం వంటి రోగుల మాటలే నమోదుకు ఆధారం కావాలి.

ఆరోగ్యసంభాషణ తెలుగు పరిశోధనలో ఇంకా తగినంత చోటు దక్కని రంగం. వార్డులో మాట్లాడే ఒక క్రియారూపం మనిషి ఎముకతో ముడిపడి ఉన్నప్పుడు, ఆ క్రియారూపాన్ని పరిశీలించడం భాషాధ్యయనం పరిధిలోని పనే. 'రాత్రి ఎవర్ని లేపుతారు?' అన్న ప్రశ్నకు ఖర్చులేదు. దాన్ని అడగడానికి, జవాబు వచ్చేదాకా ఆగడానికి కావలసిన కొద్దిసమయాన్ని వ్యవస్థ కేటాయిస్తుందా అన్నదే తేలవలసిన విషయం.